బొమ్మల డబ్బు బొమ్మలకే: కళాకారుల ఫౌండేషన్లను గ్రాంటు అడిగే ముందు

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు విజయవాడలో సింగ్ నగర్‌ను, పాయకాపురాన్ని, రాజరాజేశ్వరీపేటను ముంచెత్తినప్పుడు జనం బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు చేతికందినంత మేడమీదికి చేర్చుకున్నారు. ఆ వీధుల్లో ఒక అద్దె ఇంట్లో, కింది వాటాలో ఒక చిత్రకారుడు ఉంటున్నాడనుకుందాం. పగలు స్కూల్లో డ్రాయింగ్ చెప్తాడు, రాత్రిళ్లు తన బొమ్మలు తను వేసుకుంటాడు. మంచం కింద, బీరువా వెనక దాచుకున్న ముప్పై నలభై కాన్వాసులు రోజుల తరబడి బురదనీళ్లలో నానిపోయాయి. నష్టం లెక్క రాసుకునేటప్పుడు ఫ్రిజ్ వస్తుంది, టీవీ వస్తుంది, బండి వస్తుంది. ఇరవై ఏళ్ల పనిని ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియదు.

సరిగ్గా ఇలాంటి ఆపద కోసమే న్యూయార్క్‌లోని అడాల్ఫ్ అండ్ ఎస్తర్ గాట్లీబ్ ఫౌండేషన్ ఎమర్జెన్సీ గ్రాంటు ఒకటి ఇస్తుంది. అగ్నిప్రమాదం, వరద, ఊహించని అనారోగ్యం లాంటివి మీద పడిన చిత్రకారులకు, శిల్పులకు, అచ్చు చిత్రాలు (ప్రింట్లు) వేసేవారికి ఆ సాయం అందుతుంది. పదేళ్లుగా ఆ పనిలోనే ఉన్నట్టు చూపించాలి. గరిష్ఠ మొత్తం 15,000 డాలర్లు. అర్హత నిబంధనలు, దేశం విషయంతో సహా, దరఖాస్తు పెట్టే రోజున ఆ సంస్థ వెబ్‌సైట్లో చదువుకునే ముందుకు వెళ్లాలి. ఇక్కడ చెప్పే మిగతా సంస్థలకూ ఇదే మాట వర్తిస్తుంది.

మన చిత్రకారుడికి ఎవరో ఈ గ్రాంటు సంగతి చెప్పారనే అనుకుందాం. మునగకముందు ఆ బొమ్మలు ఎలా ఉండేవో చూపించే ఫొటోలు ఉన్నాయా? పదేళ్లలో ఎక్కడెక్కడ ప్రదర్శనలో పెట్టాడో రాసిపెట్టుకున్నాడా? ఏ కాన్వాసు ఏ సంవత్సరంలో వేసినదో చెప్పగలడా? చాలామంది దగ్గర ఉండేవి వాట్సాప్‌లో పంపగా మిగిలిన మసక ఫొటోలు, పేపరు కటింగులు రెండు. విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు కళాకారులు ఇలాంటి సాయాలకు దూరంగా ఉండిపోవడానికి ప్రతిభ తక్కువవడం కారణం కాదు. అడగాల్సిన చోటు తెలియదు, తెలిసినా చూపించడానికి కాగితం ఉండదు. ఈ రెండూ నేర్చుకుంటే వచ్చేవే.

మామూలు ధర్మసంస్థ డబ్బు వ్యాపారంలోంచి వస్తుంది. కళాకారుడు పెట్టిన ఫౌండేషన్ డబ్బు బొమ్మల్లోంచి వస్తుంది. ఒక చిత్రకారుడు బతికుండగానే, లేదా వీలునామాలో, తన చిత్రాలను, వాటి హక్కులను, ఇంటిని, కూడబెట్టిన సొమ్మును ఒక సంస్థకు రాసిస్తాడు. ఆ సంస్థ కొన్ని చిత్రాలు అమ్మి, ఆ డబ్బును పెట్టుబడిగా పెట్టి, రాబడిలోంచి గ్రాంట్లు ఇస్తుంది. కంపెనీల్లో సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) ఖర్చు చూసే విభాగం 'ఎంతమందికి లాభం' అని అడుగుతుంది. కళాకారుడి ఫౌండేషన్ 'పని ఎలా ఉంది' అని అడుగుతుంది. అంతకుమించి, ఆ సంస్థ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న నియమాల్లో స్థాపకుడి జీవితం కనిపిస్తుంది. అతను ఎక్కడ దెబ్బ తిన్నాడో, ఏది కావాలనుకున్నాడో తెలిస్తే ఆ నియమాలు సులభంగా అర్థమవుతాయి. దరఖాస్తు రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే.

అన్నిటికంటే పేరున్న ఉదాహరణ పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్. జాక్సన్ పొలాక్, లీ క్రాస్నర్ భార్యాభర్తలు, ఇద్దరూ చిత్రకారులే. 1930ల మాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం కళాకారులకు జీతమిచ్చి పని చేయించుకున్న పథకంలో ఇద్దరూ బతుకు వెళ్లదీశారు. 1945లో లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ అనే పల్లెలో అప్పు తెచ్చి పాత ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఊరి కొట్లో పేరుకుపోయిన బాకీ కింద పొలాక్ ఒక పెయింటింగ్ ఇచ్చాడు. కిరాణా ఖాతా తీర్చలేక తల దించుకున్న రోజులు క్రాస్నర్‌కు బాగా తెలుసు. 1956లో పొలాక్ కారు ప్రమాదంలో పోయాడు. 1984లో ఆమె పోయింది. ఆమె వీలునామా ప్రకారం 1985లో ఫౌండేషన్ మొదలైంది.

అందుకే ఆ ఫౌండేషన్ చూసేవి రెండే: పనిలో పస ఉందా, నిజంగా డబ్బు అవసరం ఉందా. ఒకటి ఉండి రెండోది లేకపోతే గ్రాంటు రాదు. ఏ దేశం వాళ్లయినా ఆన్‌లైన్లో, ఏడాది పొడవునా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇటీవలి పని ఫొటోలు, ప్రదర్శనల వివరాలు, ఆదాయ వ్యయాలు అడుగుతారు. వచ్చిన డబ్బును రంగులకు, స్టూడియో అద్దెకు, ఇంటి ఖర్చుకు, వైద్యానికి వాడుకోవచ్చు. ఇంటి ఖర్చుకు కూడా వాడుకోవచ్చనే మాట ఆ కిరాణా బాకీ నుంచే పుట్టిందనిపిస్తుంది. పాత అప్పులు తీర్చడానికి, స్థలం కొనడానికి, ఎవరో ఆర్డరిచ్చిన పని ఖర్చుకు మాత్రం ఇవ్వరు. విద్యార్థులకు, వాణిజ్య కళాకారులకు, సినిమా తీసేవారికి, చేతివృత్తుల వారికి దారి లేదు.

గాట్లీబ్ ఫౌండేషన్ స్వభావం వేరు. అడాల్ఫ్ గాట్లీబ్ చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చి, చక్రాల కుర్చీలో కూర్చునే బొమ్మలు వేశాడు. 1974లో పోయాడు. 1976లో ఫౌండేషన్ వచ్చింది. ఎమర్జెన్సీ సాయం కాకుండా ఏటా ఇచ్చే మరో గ్రాంటుకు కనీసం 20 ఏళ్లు పరిణతితో పనిచేసి ఉండాలి; మొత్తం 25,000 డాలర్లు. 'యువ ప్రతిభ'ను వెతికే సంస్థలు బోలెడు. యాభై ఏళ్లు దాటాక కూడా వదలకుండా గీస్తున్నవాళ్ల వైపు చూసేవి తక్కువ. గుంటూరు జిల్లాలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే ఇరవై ఏళ్లకు పైగా గీసి, రిటైరయ్యాక ఇప్పుడు తీరిగ్గా కాన్వాసు ముందు కూర్చున్నవారు ఈ తరహా గ్రాంటు సంగతి తప్పక తెలుసుకోవాలి.

మాంట్రియల్‌లో ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్ ఉంది. చార్లెస్ గ్లాస్ గ్రీన్‌షీల్డ్స్ లాయరుగా పనిచేసి చిత్రకళలోకి వచ్చాడు. 1955లో తల్లి పేరు మీద దీన్ని పెట్టాడు. అప్పటికి అమెరికాలో గుర్తుపట్టే ఆకారాలు లేని నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రకళ ఊపు మీద ఉంది. మనిషిని మనిషిలా, చెట్టును చెట్టులా గీసేవాళ్లు వెనకబడిపోతారేమోనన్న బెంగ ఆయనది. అందుకే ఇది రూపచిత్రణ చేసే యువ కళాకారులకు మాత్రమే ఇస్తుంది, దేశం ఏదైనా సరే. నైరూప్య చిత్రాలు ఎంత గొప్పవైనా పక్కన పెట్టేస్తారు. మన కళాశాలల్లో పోర్ట్రెయిట్, ఫిగర్ మీద గట్టి శిక్షణ పొంది, 'ఇది పాతకాలం పని' అనిపించుకున్న కుర్రవాళ్లకు ఇది సరైన చోటు. అదే పొలాక్ శైలి ఇష్టపడి రంగులు చల్లేవారు అక్కడికి పంపితే ఆ శ్రమ వృథా.

ఆండీ వార్‌హోల్ వీలునామాతో 1987లో పుట్టిన ఫౌండేషన్ సంస్థలకు ఇస్తుంది, వ్యక్తులకు నేరుగా ఇవ్వదు. పేరు పెద్దది కదా అని ముందు దానికే రాసి, జవాబు రాక నిరాశపడేవాళ్లు ఉంటారు.

మన దేశంలో ఈ కోవలో ముందు చెప్పుకోవాల్సింది ఢిల్లీలోని రజా ఫౌండేషన్. సయ్యద్ హైదర్ రజా మధ్యప్రదేశ్ అడవి పల్లెల్లో పెరిగాడు. 1947లో బొంబాయిలో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ స్థాపకుల్లో ఒకడు. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లాడు. అరవై ఏళ్లు అక్కడే ఉండి 2010 చివర్లో తిరిగొచ్చాడు. అదే ఏడాది ఆయన 'సౌరాష్ట్ర' చిత్రం వేలంలో 16.42 కోట్ల రూపాయలు పలికింది. ఫౌండేషన్‌ను మాత్రం అంతకు చాలా ముందే, 2001లో పెట్టాడు. ఒక స్కాలర్‌షిప్ తన దారిని మార్చిందన్న ఎరుక ఆయనకు ఉంది. కవిత్వమంటే ప్రాణం, హిందీ కవితా పంక్తులను కాన్వాసుల మీదే రాసుకున్నాడు. అందుకే ఆ సంస్థ చిత్రకళతో ఆగకుండా కవిత్వం, సంగీతం, నృత్యం వైపు కూడా చేయి చాస్తుంది. తెలుగు నుంచి అడిగేవారు కూచిపూడినో, కవితానువాదాన్నో ముందుకు తెస్తే అది స్థాపకుడి మనసుకు దగ్గరి విషయమే.

ఇక్కడ ఒక చిన్న గందరగోళం తొలగించుకోవాలి. తెలుగునాట 'ఆర్టిస్టు' అంటే చాలామందికి సినిమా నటుడే. నటులు పెట్టిన సంస్థలు మంచి పనులు చేస్తున్నాయి. చిరంజీవి 1998లో మొదలుపెట్టిన ట్రస్టు రక్తనిధి, నేత్రనిధి నడుపుతోంది. మహేష్‌బాబు ఫౌండేషన్ విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌తో కలిసి పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేయిస్తోంది, తెనాలి దగ్గరి బుర్రిపాలెం బాగోగులు చూస్తోంది. అవి వైద్యం కోసం పుట్టినవి. బిడ్డ ఆపరేషన్ కోసం అక్కడికి వెళ్లాలి గానీ చిత్రప్రదర్శన ఖర్చు కోసం కాదు. స్థాపకుడు కళాకారుడైనంత మాత్రాన సంస్థ కళకు ఇస్తుందని అనుకోకూడదు. సంస్థ ఆశయం ఏమని రాసి ఉందో అదే లెక్క.

ఇప్పుడు మనసుకు కష్టమనిపించే సంగతి. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కొండపల్లి ఉంది. తెల్లపొణికి చెక్కను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, రంగులద్దే పని అది. ఒక దశావతారాల సెట్టులో శిల్పమూ ఉంది, చిత్రమూ ఉంది. కానీ పొలాక్-క్రాస్నర్ లెక్కలో అది చేతివృత్తి. కాబట్టి అర్హత లేదు. తోలుబొమ్మలాటకూ అదే గతి: చర్మం మీద గీసిన బొమ్మ చిత్రమే అయినా, దాన్ని తెర వెనక ఆడిస్తే అది ప్రదర్శన కళ అయిపోతుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్లను ఊపేశారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన లాంటి కళాకారుడు ఈరోజు ఉన్నా ఈ విదేశీ చిత్రకారుల ఫౌండేషన్లలో ఏ గడిలోనూ ఇమడడు. కళ వేరు, వృత్తి వేరు అన్న గీత ఇంకెక్కడో గీసింది. అది మన నేల మీద సరిపోదు. సరిపోదని తెలిసినా, నియమం నియమమే కాబట్టి అక్కడ తలుపు తట్టి నెలలు పోగొట్టుకోవడం మంచిది కాదు.

వీళ్లకు వేరే దారులు ఉన్నాయి. బొమ్మలు చేసేవారు 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, ఆపై తక్కువ వడ్డీ అప్పు వస్తాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ఫెలోషిప్పుల్లో జానపద, సంప్రదాయ కళలకు చోటుంది: 25 నుంచి 40 ఏళ్ల వారికి నెలకు 10,000, నలభై దాటినవారికి నెలకు 20,000 రూపాయలు, రెండేళ్లపాటు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారుడి వీలునామాతో పుట్టింది కాదు గానీ, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. దాని విశేషం, ప్రతిపాదనను ఏ భారతీయ భాషలోనైనా రాయనిస్తుంది. తెలుగులో ఆలోచించి తెలుగులోనే రాసి పంపొచ్చు. ఇంగ్లీషు భయంతో ఆగిపోయినవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

దరఖాస్తు విషయానికొస్తే, అందులో గెలిపించేవీ ఓడించేవీ ఫొటోలే. నిర్ణయించేవారు అసలు బొమ్మను చూడరు. వాళ్లు చూసేది స్క్రీన్ మీద కొన్ని సెకన్లపాటు కనిపించే ఫొటోను. మన దగ్గర ఫొటో అంటే ఫ్రేములో ఉన్న బొమ్మను గోడకు తగిలించి, ట్యూబ్‌లైటు కింద ఫోనుతో తీసేయడం. అద్దంలో ట్యూబ్‌లైటూ కనిపిస్తుంది, తీసే మనిషీ కనిపిస్తాడు. ఫ్రేమ్, అద్దం తీసేయాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ రంగును మింగేస్తుంది కాబట్టి పొద్దున్నే, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా తీయాలి. కెమెరా బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా, సమాన ఎత్తులో ఉండాలి. లేకపోతే చదరం కాస్తా వంకర అవుతుంది. శిల్పాలైతే వెనక చాపలు, సిలిండర్లు కనబడకుండా తెల్లగుడ్డ కట్టాలి, రెండు మూడు కోణాల్లో తీయాలి. ప్రతి ఫొటోకు పేరు, సంవత్సరం, మాధ్యమం, సెంటీమీటర్లలో కొలత రాసిపెట్టాలి. బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో పెళ్లి ఫొటోలు తీసే స్టూడియో అతన్ని ఒక ఉదయం పిలిపించుకుంటే ఇరవై బొమ్మలు అయిపోతాయి. ఆ ఖర్చు గురించి వెనకాడాల్సిన పని లేదు.

ఏ బొమ్మలు పంపాలన్నది ఇంకో చిక్కు. అన్ని రకాలూ వచ్చునని చూపించాలనే తపనతో ఒక వినాయకుడు, ఒక ప్రకృతి దృశ్యం, ఒక నాయకుడి పోర్ట్రెయిట్, ఒక నైరూప్యం కలిపి పంపుతారు. ఆర్డర్ల మీద బతికేవారికి ఇది సహజం. రకరకాల పనులు వచ్చునని చూపిస్తేనే రేపటి ఆర్డరు. ఫౌండేషన్‌కు మాత్రం అది దారి తప్పిన మనిషిలా కనిపిస్తుంది. ఒకే విషయం చుట్టూ మూడు నాలుగేళ్లుగా తిరుగుతున్న పది బొమ్మలు ఉంటే, వాటి వెనక ఒక మనిషి కనిపిస్తాడు.

ఆ తర్వాత తన పని గురించి రాసే పేజీ. 'చిన్ననాటి నుంచి నాకు చిత్రకళ మీద అమితమైన ఆసక్తి. కళామతల్లి సేవలో తరించాలన్నదే నా ఆశయం' అని మొదలయ్యే పేజీని ఎవరైనా రాయగలరు. అందుకే అది ఎవరి గురించీ చెప్పదు. దానికి బదులు ఇలా రాస్తే చూడండి: 'గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులను నాలుగేళ్లుగా గీస్తున్నాను. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి ముఖాలు కొంగు చాటున ఉంటాయి, చేతులే కనిపిస్తాయి. ఎండుమిర్చి ఎరుపు రోజుకో రకంగా మారుతుంది. ఆ ఎరుపును పట్టుకోవడానికి ఇంతవరకు ఆయిల్‌తో పనిచేశాను, ఇప్పుడు చెక్కమీద ప్రింట్లు చేయాలనుకుంటున్నాను.' ఇందులో గొప్ప మాటలు లేవు. చోటు ఉంది, కాలం ఉంది, ఒక ఇబ్బంది ఉంది, ముందు ఏం చేయబోతున్నాడో ఉంది. ఇంగ్లీషులోకి మార్చేవారికి ఇలాంటి వాక్యాలు ఇస్తే అర్థం చెడదు. కళామతల్లి సేవను మార్చడం మొదలుపెడితే ఆ భాషలో అది వట్టి డాబుగా తేలుతుంది.

మనకు బాగా అలవాటైన ఉత్తరం ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకునే అర్జీ. అందులో కష్టం చెప్పుకుంటాం, ఆదుకోమంటాం. ఆ అలవాటుతో ఫౌండేషన్‌కు కూడా కష్టాల కథ రాసేస్తే బొమ్మలు వెనక్కి పోతాయి. కొందరు దీనికి పూర్తి విరుద్ధంగా, పరువు పోతుందని అప్పులు, అద్దె బకాయిలు దాచి, అంతా బాగున్నట్టు రాస్తారు. అవసరం చూసి ఇచ్చే సంస్థకు అంతా బాగుందని రాస్తే, ఇవ్వాల్సిన పని లేదని వాళ్లు అనుకుంటారు. నెలకు జీతం ఎంత, ట్యూషన్ల మీద ఎంత, అద్దె ఎంత, అమ్మ మందులకు ఎంత అన్నది అంకెల్లో రాస్తే చాలు. అంకెల్లో రాసినప్పుడు అది వేడుకోలూ కాదు, గొప్పా కాదు.

బడ్జెట్‌లో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు తమ కూలి వేసుకోకపోవడం. రంగులు, కాన్వాసు, ఫ్రేములు, హాలు అద్దె, బ్రోచర్ రాసి ఆపేస్తారు. సొంత పనికి డబ్బు అడగడం సిగ్గుగా ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. పన్నెండు పెద్ద కాన్వాసులు వేయాలి, ఒక్కోదానికి ఇరవై రోజులు పడుతుంది. మొత్తం 240 రోజులు. నెలకు 26 పనిరోజుల చొప్పున తొమ్మిది నెలల పైమాట. పగలు స్కూల్లో పాఠం చెప్పి రాత్రి రెండు గంటలు గీసే మనిషికి అది మూడేళ్లయినా తెమలదు. అంటే ఆ చిత్రకారుడికి నిజంగా కావలసింది రంగుల డబ్బు కాదు, జీతం లేని సెలవు పెట్టడానికి తొమ్మిది నెలల ఇంటి ఖర్చు. గ్రాంటుతో కొనుక్కునేది సమయం. ఆ మాట బడ్జెట్‌లో సూటిగా రాయాలి. మిర్చి యార్డు బొమ్మలైతే పంట వచ్చే నెలల్లో అక్కడ కూర్చుని స్కెచ్‌లు, వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చాక ఇంట్లో కాన్వాసులు అని నెలల వారీగా చెప్పగలిగితే, పని తెలిసిన మనిషి రాసిన బడ్జెట్ అని చదివేవారికి వెంటనే తెలుస్తుంది. ప్రతి వస్తువుకూ షాపు కొటేషన్ దగ్గర ఉంచుకోవాలి.

సిఫారసు ఉత్తరాలు అడిగినచోట ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్ పనికిరాదు. పనిని దగ్గర నుంచి చూసిన గురువో, ప్రదర్శన పెట్టించిన నిర్వాహకుడో రాసిన అర పేజీ చాలు.

డబ్బు వచ్చే దారి గురించి ముందే తెలుసుకోకపోతే, గ్రాంటు వచ్చాక టెన్షన్ మొదలవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 (ఎఫ్‌సీఆర్ఏ) వ్యక్తికి, సంస్థకు వేర్వేరుగా వర్తిస్తుంది. వ్యక్తికి స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటి రూపంలో వచ్చేదాన్ని చట్టం వేరే కోవలో చూస్తుంది. వచ్చిన గ్రాంటు ఆ కోవలోకి వస్తుందో లేదో, దాని మీద ఆదాయపు పన్ను ఎంతో ఫౌండేషన్ ఉత్తరం చూపించి ఆడిటర్‌తో తేల్చుకోవాలి. ఇది డబ్బు ఖాతాలో పడకముందే జరగాలి. బ్యాంకు కూడా ఈ సొమ్ము దేనికని అడుగుతుంది. ఆ ఉత్తరం, పాన్ కార్డు సిద్ధంగా ఉండాలి.

సంస్థలకైతే నియమాలు ఇంకా గట్టివి. విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ పుట్టి మూడేళ్లు అయి ఉండాలి, ఆ మూడేళ్లలో తన ఆశయాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత చరిత్ర లేనివారు ఒక నిర్దిష్ట దాత నుంచి నిర్దిష్ట మొత్తానికి ముందస్తు అనుమతి అడగొచ్చు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. తీసుకున్న సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ చివరి నియమం చిన్న ఊళ్లకు పెద్ద దెబ్బ. అంతకుముందు హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని తెనాలిలోని చిన్న సంస్థకు పంచగలిగేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి చిన్న సంస్థలు మొదట దేశంలోని ఫౌండేషన్ల వైపు చూడటమే తెలివైన పని. అక్కడ అడిగేవి సొసైటీ లేదా ట్రస్ట్ కాగితాలు, 12ఏ, 80జీ అని అందరికీ అలవాటైన ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు.

జవాబు రావడానికి నెలలు పడుతుంది, తిరస్కరణ ఎక్కువమందికి వస్తుంది. కారణం రాయరు. అది బొమ్మల మీద తీర్పు కాదు. వచ్చే ఏడు కొత్త పనితో మళ్లీ పంపడం అన్నిచోట్లా మామూలే. పైన చెప్పిన పొలాక్-క్రాస్నర్, గాట్లీబ్, గ్రీన్‌షీల్డ్స్ దరఖాస్తుకు రుసుము తీసుకోవు. 'మీకు గ్రాంటు మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అని మెసేజ్ వస్తే అది మోసమే.

ఇంకో చరిత్ర చెప్పుకోకపోతే ఈ విషయం పూర్తికాదు. 1963లో న్యూయార్క్‌లో సంగీతకారుడు జాన్ కేజ్, చిత్రకారుడు జాస్పర్ జాన్స్ కలిసి ఒక సంస్థ పెట్టారు. మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్య బృందం ప్రదర్శనకు డబ్బు కావాలి. తోటి చిత్రకారులు తలా ఒక బొమ్మ ఇచ్చారు, వాటిని అమ్మి డబ్బు పోగుచేశారు. అదే ఇప్పటి ఫౌండేషన్ ఫర్ కాంటెంపరరీ ఆర్ట్స్. దాని పుట్టుకలో కోటీశ్వరుడు లేడు, వీలునామా లేదు. విజయవాడ, గుంటూరు, తెనాలి కలిపితే తలా ఒక బొమ్మ ఇవ్వగల చిత్రకారులు, శిల్పులు పాతికమందికి తక్కువ ఉండరు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే సొసైటీ అవుతుంది. బుడమేరు మళ్లీ పొంగిన రోజున పది కాన్వాసులు, నాలుగు డబ్బాల రంగులు, రెండు నెలల అద్దె ఇవ్వగలిగే చిన్న నిధి చాలు. ఆశయాల పత్రం రాసుకునేటప్పుడు ఎవరికి ఇవ్వాలన్నది మన చేతిలోనే ఉంటుంది. చిత్రకారులు, శిల్పులు అన్న మాటల పక్కనే కొండపల్లి బొమ్మలు చేసేవారు, తోలుబొమ్మలు ఆడించేవారు, బుర్రకథ చెప్పేవారు అని మొదటి పేరాలోనే రాసుకోవచ్చు.